ప్రశాంత చంద్ర మహలనోబిస్

ప్రశాంత చంద్ర మహలనోబిస్ (1893 జూన్ 29 - 1972 జూన్ 28) సుప్రసిద్ధ భారతీయ సాంఖ్యక శాస్త్రవేత్త. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వ్యవస్థాపకుడు, జాతీయ నమూనా సర్వేకు ఆద్యుడు, రెండవ పంచవర్ష ప్రణాళిక రూపశిల్పి. మన పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు ఎక్కువగా ప్రణాళికల ప్రస్తావనలోనే కనిపిస్తుంది. కాని ప్రపంచమంతటా నేటికీ ప్రతిరోజూ వాడుకలో ఉన్నది ఆయన పేరిట ప్రసిద్ధమైన మహలనోబిస్ దూరము. రెండు సమూహాల మధ్య తేడా ఎంత, కొత్తగా వచ్చిన ఒక వ్యక్తి లేదా వస్తువు ఏ సమూహానికి దగ్గరగా ఉంది అనే ప్రశ్నలకు సమాధానం చెప్పే కొలత ఇది. ఉదాహరణల నుండి యంత్రాలు తమంతట తామే నేర్చుకొనే మెషీన్ లెర్నింగ్ శాస్త్రంలో, వర్గీకరణ సిద్ధాంతానికి ఇది పునాదిరాళ్లలో ఒకటి. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాలలో ఉన్న శిక్షణ సంస్థలలో డేటా సైన్స్ నేర్చుకొనే విద్యార్థులు పైథాన్ లైబ్రరీలో ఒక ప్రమేయం పేరుగా చూసే మహలనోబిస్ ఈయనే.

బాల్యము, విద్యాభ్యాసము

మహలనోబిస్ కలకత్తాలోని ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించాడు. తండ్రి ప్రబోధ చంద్ర, తల్లి నిరోదబాసిని. ప్రసిద్ధ వైద్యుడు నీలరతన్ సర్కార్ ఆయనకు మేనమామ. బ్రహ్మ బాలుర పాఠశాలలో చదివి 1908లో మెట్రిక్యులేషన్, 1912లో ప్రెసిడెన్సీ కళాశాల నుండి భౌతికశాస్త్రంలో ఆనర్స్ పట్టా పొందాడు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ అక్కడ ఆయన గురువులు.

1913లో ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరాడు. శ్రీనివాస రామానుజన్ 1914లో కేంబ్రిడ్జికి వచ్చినప్పుడు ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఒక పత్రికలో వచ్చిన ఇంటి నంబర్ల చిక్కుప్రశ్నను మహలనోబిస్ చదివి వినిపించగా, వంట చేసుకుంటూనే రామానుజన్ ఆ ఒక్క ప్రశ్నకే కాక ఆ కోవకు చెందిన ప్రశ్నలన్నిటికీ సరిపోయే సమాధానాన్ని వితత భిన్న రూపంలో చెప్పిన ఉదంతం మహలనోబిస్ ద్వారానే లోకానికి తెలిసింది. 1915లో భౌతికశాస్త్రంలో ట్రైపాస్ పరీక్షను ప్రథమ శ్రేణిలో పూర్తిచేసి, కావెండిష్ ప్రయోగశాలలో పరిశోధన ప్రారంభించే ముందు కొద్దికాలం స్వదేశానికి వెళ్లి రావాలనుకున్నాడు.

యుద్ధం కారణంగా ఓడ ప్రయాణం ఆలస్యమైంది. ఆ విరామంలో కళాశాల గ్రంథాలయంలో కార్ల్ పియర్సన్ సంపాదకత్వంలో వెలువడే బయోమెట్రికా పత్రిక సంపుటాలను ఆయన అధ్యాపకుడు మెకాలే ఆయనకు చూపించాడు. మహలనోబిస్ ఆ సంపుటాలన్నిటినీ కొని ఓడలో చదువుకుంటూ వచ్చాడు. కలకత్తాలో ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా నియమితుడై ఇక్కడే ఉండిపోయాడు. ఆనాటికి భారతదేశంలో సాంఖ్యకశాస్త్రం బోధించే విశ్వవిద్యాలయ శాఖ ఒక్కటీ లేదు.

ఆంగ్లో ఇండియన్ల కొలతలు

1920లో నాగపూరులో జరిగిన సైన్స్ కాంగ్రెసు సమావేశంలో మహలనోబిస్‌కు జంతుశాస్త్ర సర్వే సంచాలకుడు నెల్సన్ అన్నండేల్‌తో పరిచయమైంది. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ పురుషుల ఎత్తు, తల పొడవు, తల వెడల్పు, ముక్కు కొలతలు మొదలైనవి అన్నండేల్ అప్పటికే సేకరించి పెట్టుకున్నాడు. వాటిని విశ్లేషించమని కోరాడు. మహలనోబిస్ తొలి గణాంక వ్యాసం (1922) ఈ కొలతల గురించినదే. తరువాత ఆయన ఈ సమూహం బెంగాలులోని వివిధ కులాలకు, ఇతర ప్రాంతాల సమూహాలకు ఎంత దగ్గర అన్న ప్రశ్న చేపట్టాడు. 1925లో కాశీ సైన్స్ కాంగ్రెసులో చేసిన ప్రసంగం బెంగాలులోని జాతుల సమ్మేళనంపైనే.

ఈ ప్రశ్న ఆ రోజుల్లో కేవలం విద్వాంసుల కుతూహలం కాదు. హెర్బర్ట్ రిస్లీ వంటి బ్రిటిషు అధికారులు ముక్కు కొలతలను బట్టి కులాలను పై నుండి కింది వరకు వరుసగా పేర్చి, దానినే శాస్త్రమని ప్రకటించారు. జనాభా లెక్కలపై కూడా ఆ వర్గీకరణ ప్రభావం పడింది. మహలనోబిస్ లెక్కలలో బెంగాలు బ్రాహ్మణులు ఉత్తరాది బ్రాహ్మణుల కంటే బెంగాలులోని ఇతర కులాలవారికే దగ్గరగా కనిపించారు. రిస్లీ ప్రచురించిన కొలతలను తిరిగి పరిశీలించి, వాటిలోని పొరపాట్లను సవరిస్తూ 1930లలో వేరుగా వ్యాసం వ్రాశాడు. అయితే మహలనోబిస్ కూడా జాతి అనే భావనను ప్రశ్నించలేదు. శరీర కొలతలపై ఆహారం, పరిసరాల ప్రభావం ఉంటుందని, మానవ సమూహాల మధ్య గీత గీసినట్లుండే హద్దులు లేవని తరువాతి శాస్త్రం తేల్చింది. ఆయన అడిగిన ప్రశ్న కాలగర్భంలో కలిసినా, దానికోసం తయారుచేసిన కొలత నిలిచింది.

పియర్సన్‌తో భేదాభిప్రాయము

రెండు సమూహాల పోలికను కొలవడానికి అప్పట్లో ఉన్న ప్రధాన సాధనం పియర్సన్ రూపొందించిన జాతి సాదృశ్య గుణకం. ఒక్కొక్క కొలతలో రెండు సమూహాల సగటుల భేదాన్ని తీసుకొని, దానిని నమూనా దోషంతో పోల్చి, అన్ని కొలతలకూ సగటు కట్టడం ఈ గుణకంలోని పద్ధతి. మహలనోబిస్ 1926-27లో కొన్ని నెలలు లండనులో పియర్సన్ ప్రయోగశాలలోనే పనిచేశాడు. ఆ పద్ధతిలో మూలమైన లోపం ఒకటి ఉందని ఆయన వాదన.

ఆ లోపం ఇది. ఒకే రెండు జనసమూహాల నుండి మొదట 20 మంది చొప్పున, తరువాత 200 మంది చొప్పున కొలిచామనుకుందాం. జనసమూహాలు మారలేదు కనుక వాటి మధ్య ఉన్న తేడా కూడా మారకూడదు. కాని పియర్సన్ గుణకం సుమారు పది రెట్లు పెరుగుతుంది. కారణమేమంటే అది కొలుస్తున్నది తేడాను కాదు, తేడా ఉందనడానికి మన దగ్గర ఉన్న సాక్ష్యాన్ని. ఎక్కువమందిని కొలిస్తే సాక్ష్యం బలపడుతుంది, తేడా మాత్రం ఉన్నంతే ఉంటుంది. తేడా ఉన్నదా అనేది ఒక ప్రశ్న, ఎంత ఉన్నది అనేది మరొక ప్రశ్న. మొదటిదానికి పరీక్ష కావాలి, రెండవదానికి కొలత కావాలి. ఈ భేదాన్ని పియర్సన్ అంగీకరించలేదు. 1930లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో మహలనోబిస్ ప్రచురించిన వ్యాసం శీర్షికలోనే పరీక్షలు, కొలతలు అనే రెండు మాటలూ విడివిడిగా ఉన్నాయి.

గురుస్థానంలో ఉన్న వ్యక్తితో, అదీ ఆ రంగంలో ప్రపంచమంతా ప్రమాణంగా భావించే వ్యక్తితో, కలకత్తా నుండి వచ్చిన ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు విభేదించడం ఆనాడు చిన్న విషయమేమీ కాదు. ఈనాటికీ లక్షలాది రికార్డులున్న దత్తాంశంలో అత్యల్పమైన తేడాను కూడా సాక్ష్యబలం చూసి గొప్ప తేడాగా భ్రమించే పొరపాటు తరచుగా జరుగుతూనే ఉంది.

మహలనోబిస్ దూరము

1930 నాటి కొలతలో మరొక కొరత మిగిలి ఉంది. అది ఒక్కొక్క చలరాశినీ విడిగా చూసేది. ఎత్తున్న మనిషికి సాధారణంగా బరువు కూడా ఎక్కువే ఉంటుంది. ఈ రెండింటినీ సంబంధం లేని కొలతలుగా భావిస్తే ఒకే తేడాను రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. కొలతల మధ్య సహసంబంధాన్ని కూడా లెక్కలోకి తీసుకొనే సాధారణీకృత దూరాన్ని మహలనోబిస్ 1936లో ప్రకటించాడు. దీనినే డి-స్క్వేర్ అంటారు. సగటుల భేదాన్ని సహవిస్తృతి మాత్రిక యొక్క విలోమంతో ఇరువైపులా కలిపి గుణిస్తే ఇది వస్తుంది.

దీనిని ఒక ఉదాహరణతో సులువుగా గ్రహించవచ్చు. పంజాగుట్టలోని నిమ్స్ వంటి ఆసుపత్రికి వచ్చినవారి ఎత్తు, బరువులు నమోదు చేశారనుకుందాం. సగటు ఎత్తు 165 సెంటీమీటర్లు, ప్రామాణిక విచలనం 6. సగటు బరువు 65 కిలోలు, ప్రామాణిక విచలనం 8. రెండింటి మధ్య సహసంబంధం 0.8 అనుకుందాం. ఇద్దరు వ్యక్తులు వచ్చారు. ఇద్దరి ఎత్తూ 174 సెంటీమీటర్లే. మొదటివాని బరువు 77 కిలోలు, రెండవవాని బరువు 53 కిలోలు. విడివిడిగా చూస్తే ఇద్దరూ సగటుకు ఒకే దూరంలో ఉన్నారు. ఎత్తులో ఒకటిన్నర ప్రామాణిక విచలనాలు, బరువులో మరో ఒకటిన్నర. ఈ రెండింటి వర్గాలను కూడితే ఇద్దరికీ 4.5 వస్తుంది. కాని డి-స్క్వేర్ లెక్క కడితే మొదటివానికి 2.5, రెండవవానికి 22.5 వస్తుంది. మొదటివాడు పొడవుకు తగిన బరువున్న మామూలు మనిషి. రెండవవాడు అంత పొడవుండీ చిక్కి ఉన్నవాడు, వైద్యుడు ఆగి చూడవలసినవాడు. ఎత్తులో గాని బరువులో గాని విడిగా కనబడని అసాధారణత రెండింటినీ కలిపి చూసినప్పుడు బయటపడింది. కొలతల యూనిట్లు మార్చినా (సెంటీమీటర్లకు బదులు అంగుళాలు వాడినా) ఈ విలువ మారదు.

అమెరికాలో హెరాల్డ్ హోటెలింగ్ 1931లో టి-స్క్వేర్ అనే పరీక్షను, ఇంగ్లండులో రోనాల్డ్ ఫిషర్ 1936లో వివక్షక ప్రమేయాన్ని స్వతంత్రంగా రూపొందించారు. ఈ మూడూ ఒకే కుదురుకు చెందినవని త్వరలోనే తెలిసింది. రెండు నమూనాల పరిమాణాల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించి డి-స్క్వేర్‌తో గుణిస్తే హోటెలింగ్ టి-స్క్వేర్ వస్తుంది. అంటే నమూనా పరిమాణాన్ని కలుపుకుంటే అది పరీక్ష, తీసివేస్తే అది కొలత. మహలనోబిస్ పియర్సన్‌తో వాదించినది సరిగ్గా ఇదే.

ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్

ప్రెసిడెన్సీ కళాశాలలో మహలనోబిస్ గదిలోనే మొదలైన చిన్న స్టాటిస్టికల్ లాబొరేటరీ 1931 డిసెంబరు 17న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌గా రూపుదిద్దుకుంది. మొదటి సంవత్సరం ఖర్చు 238 రూపాయలు. 1933లో సంఖ్య అనే పత్రికను ప్రారంభించాడు. రాజ్ చంద్ర బోస్, సమరేంద్రనాథ్ రాయ్ వంటి శుద్ధ గణితజ్ఞులను ఆహ్వానించి, డి-స్క్వేర్ విభాజనాన్ని కనుగొనే పని వారికి అప్పగించాడు. నమూనా నుండి లెక్కగట్టిన దూరంలో యాదృచ్ఛికత పాలు ఎంతో తెలియకపోతే ఆ దూరాన్ని నమ్మడానికి వీలులేదు. 1936లో బోస్, 1938లో బోస్, రాయ్ కలిసి ఈ సమస్యను పరిష్కరించారు. ఆనాడు ఇటువంటి గణనలన్నీ చేతితో తిప్పే యంత్రాలపైనే జరిగేవి. పది పన్నెండు చలరాశులున్న మాత్రికకు విలోమం కట్టడమంటే రోజుల తరబడి సాగే పని.

ఈ ఇబ్బంది తెలిసినవాడు కనుకనే మహలనోబిస్ కంప్యూటర్లపై అంత పట్టుదల చూపాడు. 1955-56లో బ్రిటను నుండి హెచ్‌ఇసి-2ఎం అనే యంత్రాన్ని సంస్థకు తెప్పించాడు. భారతదేశంలో పనిచేసిన మొట్టమొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. కొద్ది సంవత్సరాలకే సోవియట్ యూనియన్ నుండి ఉరాల్ యంత్రం కూడా వచ్చింది. 1959లో పార్లమెంటు చట్టం ద్వారా ఈ సంస్థ జాతీయ ప్రాముఖ్యం గల విద్యాసంస్థగా గుర్తింపు పొందింది. దీనికి హైదరాబాదులోని హబ్సిగూడలోనూ ఒక కేంద్రం ఉంది.

సి.ఆర్.రావు

మహలనోబిస్ సిద్ధాంతాన్ని ముందుకు తీసుకువెళ్లినవారిలో అగ్రగణ్యుడు తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావు (1920-2023). ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. పూర్తిచేసి, ఉద్యోగ ప్రయత్నంలో కలకత్తా వెళ్లిన రావు అక్కడ ఈ సంస్థ గురించి విని 1941 జనవరిలో శిక్షణకు చేరాడు. ఉత్తరప్రదేశ్‌లో 1941లో మానవశాస్త్రజ్ఞుడు డి.ఎన్.మజుందార్ సేకరించిన శరీర కొలతల విశ్లేషణ మహలనోబిస్, మజుందార్, రావుల ఉమ్మడి రచనగా 1949లో సంఖ్య పత్రికలో వెలువడింది. 1946లో సూడాన్‌లోని జెబెల్ మోయా ప్రాంతపు ప్రాచీన అస్థిపంజరాలను డి-స్క్వేర్ పద్ధతిలో పరిశీలించడానికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నిపుణుని కోరగా మహలనోబిస్ రావును పంపాడు. రావు అక్కడే ఫిషర్ పర్యవేక్షణలో డాక్టరేటు పొందాడు.

1945లో రావు ప్రచురించిన ఒక వ్యాసంలోనే క్రామర్-రావు అసమీకరణం, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతాలకు మూలం ఉంది. వీటికంటే తక్కువగా ప్రస్తావనకు వచ్చే మూడవ అంశం అదే వ్యాసంలో ఉంది. రెండు సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని జ్యామితీయంగా నిర్వచించడం. సహవిస్తృతి సమానంగా ఉన్న సామాన్య విభాజనాలకు దీనిని వర్తింపజేస్తే వచ్చేది సరిగ్గా మహలనోబిస్ దూరమే. ఒక ప్రత్యేక సమస్య కోసం పుట్టిన కొలత ఒక విశాలమైన సిద్ధాంతంలో ఇమిడిపోయింది. తరువాతి కాలంలో ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే శాఖగా పెరిగి మెషీన్ లెర్నింగ్ పరిశోధకులకు ఉపకరిస్తున్నది ఈ ఆలోచనే. మహలనోబిస్ మరణానంతరం సంస్థ బాధ్యతలు రావు స్వీకరించాడు.

వరదలు, సర్వేలు, ప్రణాళిక

1922 ఉత్తర బెంగాలు వరదలపై, 1926 ఒరిస్సా బ్రాహ్మణీ నది వరదలపై మహలనోబిస్ నివేదికలు సమర్పించాడు. బ్రాహ్మణీ నదిగర్భం మేటవేసి పైకి లేచిందని ఇంజనీర్లు నమ్మి గట్లు ఎత్తు చేయాలని తలచగా, దశాబ్దాల నీటిమట్టపు లెక్కలు తిరగేసి అటువంటిదేమీ లేదని చూపాడు. 1937 నుండి బెంగాలులో జనపనార పంట విస్తీర్ణాన్ని నమూనా సర్వేల ద్వారా అంచనా వేశాడు. ఒకే ప్రాంతాన్ని రెండు బృందాలు స్వతంత్రంగా సర్వే చేసేటట్లు ఏర్పాటు చేసి, వారి లెక్కల మధ్య వ్యత్యాసాన్ని బట్టి దోషాన్ని పట్టుకొనే పద్ధతి ఆయన సృష్టి. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఈ అనుభవం నుండి వచ్చినదే. 1956లో ప్రారంభమైన రెండవ ప్రణాళికలో భారీ పరిశ్రమలకు ప్రాధాన్యమిచ్చిన ఆయన నమూనాపై ఆర్థికవేత్తలలో వాదోపవాదాలు దశాబ్దాలపాటు సాగాయి.

వ్యక్తిగత జీవితము, మరణము

1923 ఫిబ్రవరి 27న నిర్మలకుమారిని వివాహమాడాడు. వధువు తండ్రి హేరంబ చంద్ర మైత్రా ఈ పెళ్లికి సమ్మతించనందున మేనమామ నీలరతన్ సర్కార్ పెద్దరికం వహించాడు. దంపతులిద్దరూ రవీంద్రనాథ్ ఠాగూరుకు అత్యంత సన్నిహితులు. విశ్వభారతికి మహలనోబిస్ 1921 నుండి పదేళ్లు సంయుక్త కార్యదర్శిగా పనిచేశాడు. 1945లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1968లో పద్మ విభూషణ్ పురస్కారం లభించాయి. 79వ పుట్టినరోజుకు ఒకరోజు ముందు, 1972 జూన్ 28న కలకత్తాలో మరణించాడు. ఆయన జన్మదినమైన జూన్ 29ని 2007 నుండి జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు.

మెషీన్ లెర్నింగ్‌లో మహలనోబిస్ దూరము

యంత్రానికి వర్గీకరణ నేర్పడమంటే, తెలిసిన ఉదాహరణలను బట్టి తెలియనిదానిని ఏదో ఒక వర్గంలో చేర్చడం. దానికి ముందు దగ్గర, దూరం అంటే ఏమిటో నిర్ణయించుకోవాలి. దూరం నిర్వచనం మారితే పొరుగువారు మారతారు, పొరుగువారు మారితే యంత్రం ఇచ్చే సమాధానమూ మారుతుంది. మహలనోబిస్ సహవిస్తృతి మాత్రికను జనాభా కొలతల నుండి నేరుగా లెక్కగట్టాడు. 2002లో ఎరిక్ షింగ్, ఆండ్రూ ఎన్జీ, మైఖేల్ జోర్డాన్, స్టువర్ట్ రస్సెల్ ఒక అడుగు ముందుకు వేసి, ఏ వస్తువులు ఒకే జాతివో చెప్పే జంటలను ఇస్తే తగిన మాత్రికను యంత్రమే నేర్చుకొనేటట్లు ఒక అల్గారిథం ప్రతిపాదించారు. మెట్రిక్ లెర్నింగ్ అనే పరిశోధనా శాఖలో ఆ మాత్రికతో వచ్చే దూరాన్ని నేటికీ మహలనోబిస్ దూరమనే పిలుస్తారు. 2018 నుండి, న్యూరల్ నెట్‌వర్కులు తమకు నేర్పని కోవకు చెందిన చిత్రం ఎదురైనప్పుడు దానిని గుర్తించి హెచ్చరించడానికి కూడా ఈ దూరాన్ని వాడుతున్నారు.

ఈ కొలతకు పరిమితి లేకపోలేదు. చలరాశుల సంఖ్య ఉదాహరణల సంఖ్యను మించితే సహవిస్తృతి మాత్రికకు విలోమమే ఉండదు. మహలనోబిస్ కాలంలో పన్నెండు కొలతలు, వందలాది మనుషులు. నేటి జన్యు పరీక్షలో వేలాది జన్యువులు, పదుల సంఖ్యలో రోగులు. ఉదాహరణలతోపాటు చలరాశులు కూడా పెరుగుతూపోతే ఆ మాత్రిక ఎలా ప్రవర్తిస్తుందనే ప్రశ్నపై కృషి చేసినవారిలో మరొక తెలుగువాడు, అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు పరుచూరి ఆర్. కృష్ణయ్య (1932-1987) ఉన్నాడు. బహుచలరాశి విశ్లేషణకు ప్రత్యేకమైన పత్రికను 1971లో స్థాపించినవాడు ఈయనే. చైనా గణితజ్ఞులు యిన్, బాయ్‌లతో కలిసి ఆయన సాధించిన ఫలితం, అటువంటి మాత్రికల గరిష్ఠ లాక్షణిక మూల్యం ఏ హద్దుకు చేరుతుందో చెప్పేది, ఆయన మరణానంతరం 1988లో వెలువడింది. ఎన్ని ఉదాహరణలు చూస్తే యంత్రం నేర్చుకున్నదని నమ్మవచ్చునన్న ప్రశ్నపై గుంటూరులో జన్మించిన మాతుకుమల్లి విద్యాసాగర్ 1997లో సమగ్ర గ్రంథం ప్రచురించాడు. తరువాత హైదరాబాదులో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ పరిశోధనా విభాగంలోను, ఐఐటీ హైదరాబాదులోను పనిచేశాడు.